వేరే భాష వస్తుందనుకున్న పిల్ల

బడి నుంచి ఫోను వస్తే మా ఇంట్లో అందరికీ పనులు గుర్తొస్తాయి. కొడుకు రైల్వే వర్క్‌షాపులో ఉంటాడు, మెషీను దగ్గర ఫోను తియ్యడానికి లేదు. కోడలు ఖరిదా బజార్లో బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది, మాటిమాటికీ బయటికి వెళ్తానంటే యజమానురాలు మొహం మాడ్చుకుంటుంది. ఇక మిగిలేది నేను. పొయ్యి మీదున్నది దించేసి, చీర మార్చుకుని, టోటో రిక్షా పట్టుకుని ఇందా పేటలో ఉన్న బడి దాకా పోవాలి. దారంతా ఒకటే ఆలోచన, ఇవాళ ఎవర్ని కొట్టిందో, ఏం విరగ్గొట్టిందో అని.

ఆ రోజు మా మనవరాలు టీచరమ్మ చెయ్యి కొరికింది. చదివేది రెండో తరగతి. పుస్తకాలు మూసి, బొమ్మల కాపీ పుస్తకం తీసి, వరసలో నిలబడమని టీచరు చెప్పిందట. పిల్లలంతా లేచారు. ఇది కూర్చునే ఉంది. టీచరు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే పక్కపిల్ల పెన్సిల్ డబ్బా తోసేసి, తర్వాత ఆ చేతినే కొరికింది. పెద్ద టీచరమ్మ గదిలో ఆ చేతి మీద పళ్ళ గుర్తులు నాకు చూపించారు. చూడకపోయినా నమ్మేదాన్ని. నా చేతి మీదా ఉన్నాయి.

పెద్ద టీచరమ్మ బెంగాలీ ఆవిడ. నాతో హిందీలో మాట్లాడింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. తెలుగు అన్నాను. జబ్బు దొరికిన డాక్టరులాగా తల ఊపింది. అంతకుముందు పిలిచినప్పుడూ ఇదే అడిగింది, ఇలాగే తల ఊపింది.

ఆవిణ్ణి అనడానికేముంది, బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో అందరమూ ఆ బాపతే. మా క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏ పిల్లకైనా మాట ఆలస్యమైతే ఎవరికీ భయం పుట్టదు. ఇంట్లో తెలుగు, పక్క క్వార్టర్లో బెంగాలీ, బజార్లో హిందీ, బడికి పోతే ఇంగ్లీషు. పసిదాని నోట్లో అన్నీ కలిసి తన్నుకుంటాయి, కొన్నాళ్ళకు అవే సర్దుకుంటాయి అంటారు. మా అత్తగారు మా అబ్బాయి గురించి ఆ మాటే అంది. వాడు మూడేళ్ళు వచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తర్వాత నాలుగు భాషల్లోనూ నోరు మూయించలేకపోయాం. అందుకని వాడి కూతురికి మాట రాకపోతే తండ్రి పోలిక అనుకున్నాం. మా వీధిలో అలాంటి పిల్లలు ఇంటికొకరున్నారు, అందరూ ఇప్పుడు చక్కగా మాట్లాడుతున్నారు. మరి దీనికి మాత్రం ఎందుకు అనుమానపడతాం?

మాట సంగతి ఇంట్లో ఏదో ఒకటీ అరా ముక్కలతో నడుస్తుంటే, అల్లరి వేరే. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మా క్వార్టర్లకు కొళాయి నీళ్ళు వేళకొస్తాయి, వేళకు పోతాయి. ఆ కాస్సేపట్లో ఇల్లంతా పరుగు. "కొళాయి కట్టేసి, బకెట్టు ఇటు లాగి, మీ అమ్మని టీకి రమ్మని సెప్పు" అంటాను. అది కదలదు. నా మొహంలో ఏదో రాసి ఉన్నట్టు నోటి వంక చూస్తుంది. ఇంకోసారి అంటాను, ఈసారి గట్టిగా. అంతే, బకెట్టును కాలితో తంతుంది. పట్టుకున్న నీళ్ళన్నీ నేలపాలు. అప్పుడు నాకు వచ్చే కోపం ఇంతా అంతా కాదు. పొగరు అనుకునేదాన్ని. చెవులు పనిచేస్తున్నాయి, బిస్కెట్ కవరు చప్పుడుకు పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తుంది. వినపడుతోంది, చెయ్యదు. దీన్ని పొగరు కాక ఏమంటారు?

మా తెలుగువాళ్ళంతా చేసుకునే మాతా పూజ రోజున మైదానంలో ఇంకా పరువు తీసింది. మైకులు, డప్పులు, జనం. వరసలో నిలబడి ప్రసాదం తీసుకోవాలి. తోపులాటలో ఎవరో ముందుకు జరగమన్నారు, ఇంకెవరో వెనక్కి రమ్మన్నారు, వాళ్ళమ్మ చెప్పులు విప్పమంది. అది నేల మీద పడి కాళ్ళు కొట్టుకుంటూ అరిచిన అరుపుకు మైకులో మాట్లాడుతున్నాయన ఆగిపోయాడు. ప్రసాదం గిన్నె దొర్లింది. ఇక సలహాలు మొదలు. మా వీధి చివరి పెద్దావిడ "గుంటకి గాలి సోకినాది, తాయెత్తు కట్టించండి" అంది. రెండు తగిలిస్తే దారికొస్తుందని ఒకాయన. తల్లి ఉద్యోగానికి పోతే పిల్లలు ఇలాగే తయారవుతారని ఇంకో ఆవిడ, అదీ నా కోడలు పక్కన నిలబడి ఉండగానే. తాయెత్తు కట్టించాం. దెబ్బలూ పడ్డాయి. తాయెత్తు తాడు కొరికి తెంపేసింది.

టీచరమ్మను కొరికిన రోజు పెద్ద టీచరమ్మ ఒక మందు రాసిచ్చింది. ఇంట్లో తెలుగు మానెయ్యండి, ఇంగ్లీషే మాట్లాడండి, అప్పుడు పిల్లకు బడిలో చెప్పేది అర్థమవుతుంది, అల్లరి తగ్గుతుంది. మా అబ్బాయి ఆ మాటను వర్క్‌షాపు ఆర్డరులా తీసుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంట్లో తెలుగు బంద్ అన్నాడు.

నాకు ఎంత ఒళ్ళుమండిందో చెప్పలేను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై అయిదు దాటాక. మా ఆయన పోయిన తర్వాత, ఇక్కడి తెలుగు బడిలో మాస్టారొకాయన మధ్యాహ్నం బడి అయ్యాక మాలాంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టి దిద్దించేవాడు. అంత ముసలితనంలో తెలుగు పట్టుకుంటే, నా వంటింట్లోనే దానికి నిషేధం. పోనీ ఇంగ్లీషు మాట్లాడదామంటే నాకు వచ్చింది మా ఆయన వర్క్‌షాపు నుంచి మోసుకొచ్చిన ఇంగ్లీషు. డ్యూటీ, షిఫ్టు, ఓవర్‌టైము, బ్రేకు, సిక్కు లీవు. వీటితో పిల్లకు అన్నం ఎలా పెట్టాలి? "కమ్" అనేదాన్ని, "ఈట్" అనేదాన్ని, మూడో మాట తెలియక ఊరుకునేదాన్ని. కోడలికి ఇంకో నాలుగు మాటలు ఎక్కువ వచ్చు. కొడుకు మాత్రం పొడుగు పొడుగు వాక్యాలు మాట్లాడేవాడు, అవి ఇంగ్లీషేనా అని నాకు అనుమానం. మాటలతో హోరెత్తే ఇల్లు సద్దుమణిగిపోయింది. కూర బాగుందని చెప్పుకోవడానికి కూడా పిల్ల నిద్రపోవాలి.

దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. పిల్ల ఇంకా మొండికేసింది. కంచం విసిరెయ్యడం అప్పుడే మొదలుపెట్టింది. బడిలో ఒక పిల్ల కాపీ చింపింది, ఇంకో పిల్లను మెట్ల మీద తోసింది, పెదవి చిట్లింది. ఆ పిల్ల తండ్రి బడికొచ్చి గొడవ చేశాడు, తప్పేముంది, నేనైనా చేసేదాన్ని. పెద్ద టీచరమ్మ ఈసారి భాష సంగతి ఎత్తలేదు. పరీక్షల దాకా చూస్తాం, మార్పు లేకపోతే టీసీ తీసుకెళ్ళండి అంది.

టీసీ అంటే కాగితం కాదు. కొరికే పిల్ల, తోసే పిల్ల అన్న పేరు దాని వెనకే వస్తుంది. ఆ పేరు విన్నాక ఏ బడి చేర్చుకుంటుంది? ఇంట్లో ఉండిపోతుంది. అక్షరం రాకుండా ఉండిపోవడం అంటే నాకు తెలుసు. ఇంత పెద్ద స్టేషనున్న ఊళ్ళో కాపురం చేస్తూ, బోర్డు కింద నిలబడి ఏ రైలు ఎటు పోతుందో పక్కవాళ్ళను అడిగిన దాన్ని. కొందరు చెప్పేవారు, కొందరు బోర్డు వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయేవారు. నా మనవరాలు బోర్డు కింద అలా నిలబడకూడదు. నాకున్న పట్టుదలంతా అదొక్కటే.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది, చాలా గొప్పదనుకున్నాను. భాషే జబ్బయితే తెలుగు బడే మందు. నన్ను చదివించిన మాస్టారు ఇంకా అక్కడే ఉన్నాడు. యాభై దాటిన మొద్దుబుర్రకు నేర్పినవాడు ఏడేళ్ళ పిల్లకు నేర్పలేడా? కొడుక్కి చెప్పకుండా ఒక శనివారం దాన్ని తీసుకెళ్ళాను.

మాస్టారు నా ఉపన్యాసమంతా విన్నాడు. బెంగాలీ కలిసిపోయిందని, ఇంగ్లీషు మీద పడిందని, తెలుగులో చెప్తే చెప్పింది చెప్పినట్టు చేస్తుందని. తర్వాత పిల్లను పిలిచి, అచ్చ తెలుగులో, బల్ల మీది డస్టరు కుర్చీలో పెట్టి, తలుపు దగ్గరున్న సంచి తెచ్చిమ్మన్నాడు. అది తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి ఆయన నోటి వంక చూసింది. ఆయన మళ్ళీ మొత్తం చెప్పాడు. పిల్ల సంచిని తన్నింది. లోపలి సుద్దముక్కలు నేల మీద దొర్లాయి.

నేను కసురుకోబోతే మాస్టారు చెయ్యి ఎత్తి ఆపాడు. వేలు చూపించి "సంచి" అన్నాడు, ఇంకేమీ అనలేదు. నాకు విసుగొచ్చేంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత అది సంచి ఎత్తి తెచ్చి ఇచ్చింది. మళ్ళీ కాసేపాగి "డస్టరు" అన్నాడు. అదీ తెచ్చింది.

"అమ్మా, ఈ పాపకి తెలుగూ రాదు" అన్నాడు మాస్టారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "రాకపోవడమేటి బాబూ, బడి నుంచొస్తే పక్కింటి బెంగాలోలింట్లోనే ఉంటాది. ఆలతో బెంగాలీ గడగడా సెప్తాది."

"నువ్వు ఇన్నావా?"

వినలేదు. చెప్తుందనే అనుకున్నాను.

ఇంటికొచ్చి తిన్నగా పక్క క్వార్టర్ తలుపు కొట్టాను. ఆవిడ నాకంటే చిన్నదే అయినా దీదీ అంటాను, నన్ను ఆవిడ మాసీమా, అంటే పిన్నీ అంటుంది. మా పిల్ల మీ ఇంట్లో బెంగాలీ ఎలా మాట్లాడుతుందని అడిగాను. దీదీ నవ్వింది. అది మా దగ్గర నోరు విప్పదు, కావలసింది చెయ్యి పట్టుకుని లాగి చూపిస్తుంది, మీ ఇంట్లో తెలుగు బాగా మాట్లాడుతుంది కదా అంది. చెప్తూ చెప్తూనే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మేం దానికి బెంగాలీ వచ్చనుకున్నాం. దీదీ వాళ్ళు తెలుగు వచ్చనుకున్నారు. దానికి హిందీ చెప్పడానికి వచ్చే ట్యూషన్ కుర్రాడు ఇంట్లో భాష గట్టిగా ఉంది, అందుకే హిందీ ఎక్కడం లేదన్నాడు. బడివాళ్ళు సరేసరి. ప్రతివాళ్ళూ ఆ పిల్లకు అవతలివాళ్ళ భాష వచ్చని నిశ్చింతగా ఉన్నారు. ఒకే భాష ఉన్న ఊళ్ళో అయితే మూడేళ్ళకే ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇక్కడ ఇన్ని భాషలుండి, పిల్లకు అందులో ఏదీ సరిగ్గా అందడం లేదని ఒక్కరికీ తెలియలేదు.

సంగతంతా కోడలికి చెప్పాక, ఇద్దరం లోకల్ ట్రైన్లో దాన్ని కలకత్తా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చెవులు పరీక్ష చేశారు, ఏ లోపమూ లేదన్నారు. తర్వాత మాటలు పరీక్ష చేసే గదికి పంపారు. అక్కడ ఒక పడుచమ్మాయి బొమ్మలు, కొయ్యముక్కలు పెట్టుకుని పిల్లతో నేల మీద కూర్చుంది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అందుకని ఆమె బెంగాలీలో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. నేను రెండుసార్లు నా సొంత కవిత్వం కలిపి చెప్తే, మాసీమా, మీరు పొడుగు చేస్తున్నారని మందలించింది. తెలుగు రాకుండానే పట్టేసింది.

చివరికి ఆ అమ్మాయి చెప్పింది ఇదీ. మాట చెవి దాకా సరిగ్గానే వస్తుంది. లోపల దాన్ని విడదీసి సర్దుకోవడానికి ఈ పిల్లకు ఎక్కువసేపు పడుతుంది. మొదటి మాట సర్దుకునేలోపు మనం నాలుగో మాటలో ఉంటాం. అప్పుడు అన్నీ కలిసి కుప్పకూలిపోతాయి. ఏం చెయ్యాలో తోచక చేతికందింది విసురుతుంది. విసిరితే అందరూ విసిరిన సంగతే మాట్లాడతారు, అడిగిన సంగతి వదిలేస్తారు. పిల్లకు కావలసింది అదే. ఇది నాలుగు భాషల వల్ల వచ్చింది కాదు, భాష మానేస్తే పోయేదీ కాదు. ఇంట్లో మీ భాషలోనే మాట్లాడండి, చిన్న మాట చెప్పండి, చూపించండి, ఆ తర్వాత నోరు మూసుకుని ఉండండి. నేర్పిస్తే మెరుగవుతుంది, క్రమం తప్పకుండా తీసుకురండి.

నోరు మూసుకోవడం. చెప్పినంత సులువా? వర్క్‌షాపు మగవాళ్ళు ఇంట్లో కూడా సుత్తిదెబ్బల మీదుగా మాట్లాడుతున్నట్టే మాట్లాడతారు. గట్టిగా అంటారు, అన్నదే మళ్ళీ అంటారు, వినలేదనుకుని మూడోసారీ అంటారు. వాళ్ళతో కాపురాలు చేసి మేమూ అలాగే తయారయ్యాం. మా ఇంట్లో ఎవరైనా మాట్లాడకుండా ఉంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతాం. ఒక్క మాట చెప్పి ఊరుకోవడమంటే నాకు నాలుక దురద. "నీళ్ళు" అంటాను. అది చూస్తుంది. నేను పళ్ళు బిగబట్టుకుంటాను. ఈలోపు వెనకనుంచి కొడుకు "నీల్లంటే ఇనపడలేదేటి, బేగి తే" అంటాడు. గ్లాసు గోడకు తగులుతుంది. మళ్ళీ మొదటికి.

పరీక్షలు కాగానే ఆసుపత్రి కాగితం పట్టుకుని బడికి వెళ్ళాం. పెద్ద టీచరమ్మ శ్రద్ధగా చదివింది. నిజంగానే బాధపడింది, ఇంట్లో తెలుగు మానెయ్యమన్నందుకు నొచ్చుకుంది. కానీ ఒక్కో తరగతిలో అంతమంది పిల్లలు, ఒక్క టీచరు, ఒక్క పిల్ల కోసం ఆగడం కుదరదు, దెబ్బలు తిన్న పిల్లల అమ్మానాన్నలు ఒప్పుకోరు అంది. చెడ్డమనిషి అయినా బాగుండేది, కడుపారా తిట్టుకునేదాన్ని. టీసీ ఇచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను తెలుగు బడి మాటెత్తాను. కొడుకు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"తెలుగు మీడియం సదివి ఈ బెంగాల్లో ఏటి సేస్తాదమ్మా?"

"సదవకపోతే ఏటి సేస్తాదిరా?"

వాడు కోడలి వైపు చూశాడు. ఎప్పుడూ మా ఇద్దరి మధ్యలోకి రాని మనిషి, "అత్త సెప్పిందే సెయ్యండి, ఇంకే బడి రమ్మంటాంది దాన్ని?" అంది. వాడు కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ, చేర్పించు అని మాత్రం అన్నాడు, నా వైపు చూడకుండా.

అక్కడ మాత్రం పూలదండలు వేసి పిలిచారా? మాస్టారు గడ్డం గోక్కున్నాడు. ఆ బడిలో పిల్లలు తగ్గిపోయారు, అందరూ ఇంగ్లీషుకు పోతున్నారు. మూడు తరగతులు ఒకే గదిలో, ఒక్కడే మాస్టారు. ఈ పిల్లకు గోల పడదు, ఇక్కడ ఉన్నదంతా గోలే అన్నాడు. నన్ను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివించారు కదా అన్నాను. "నీకేటమ్మా, అర్థం కాకపోతే నాతో దెబ్బలాడేదానివి. ఇది దెబ్బలాడలేదు, అందుకే కొడతాంది" అన్నాడు. కొన్నాళ్ళు చూస్తాను, వేరే పిల్లలకు దెబ్బ తగిలితే మాత్రం ఉంచలేను అన్నాడు. అంటే ఇక్కడా నెత్తి మీద అదే కత్తి.

మొదటి రోజు దాన్ని లోపల వదిలి నన్ను ఇంటికి పొమ్మన్నారు. నేను పోలేదు. ఎదురుగా కల్వర్టు గట్టు మీద కూర్చున్నాను. ఏ నిమిషాన పిలుస్తారో, మళ్ళీ ఇంటి నుంచి పరుగెత్తడం దేనికి? ఎండ నెత్తికెక్కింది. ఎక్కాలు వినిపించాయి, మాస్టారి కసిరింపు వినిపించింది. అన్నాల వేళకు పిల్లలు బిలబిలమంటూ వరండాలోకి వచ్చిన సందడి, ఆ వెంటనే గోడకు కంచం తగిలిన ఖంగుమన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. వెనకే దాని అరుపు. లేచి చీర దులుపుకున్నాను. టీసీ ఎక్కడ దాచామో కూడా గుర్తు చేసుకున్నాను. అరుపు చాలాసేపు సాగి ఆగిపోయింది. ఎవరూ పిలవలేదు. గేటు దాకా వెళ్ళి తొంగి చూద్దామనుకుని, చూడలేక మళ్ళీ కూర్చున్నాను.

బడి వదిలాక పిల్లలు పరుగెత్తుకుంటూ పోయారు. చివరగా మాస్టారు దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన చొక్కా మీద పప్పు మరకలు. దాని మొహం ఉబ్బిపోయి ఉంది. ఎవరికైనా తగిలిందా అని అడిగాను.

"గోడకి తగిలింది" అన్నాడు. "అందర్నీ ఒకేసారి వరసలో రమ్మన్నాను, నా బుద్ధే గడ్డి తిన్నాది. తర్వాత కంచం ఎత్తమన్నాను. బాగా ఏడ్సి, సూసి, ఎత్తింది."

చేతిలో ఉన్న కంచం నాకిచ్చాడు. అంచు సొట్టపోయింది.

"రేపు పంపమ్మా. స్టీలుది వద్దు, ప్లాస్టిక్కుది ఇచ్చి పంపు. సప్పుడికి అందరూ జడుసుకుంటన్నారు."

లోపలికి వెళ్ళిపోయాడు. దాని వల్ల రోజంతా ఎండలో మాడిపోయాను, చెప్పవలసిన మాటలు గొంతు దాకా ఉన్నాయి. బుద్ధిగా ఉండమని, అన్నం పారేస్తే పాపమని, ఇది కూడా పోతే ఇంకో బడి లేదని. అన్నీ మింగేసి రోడ్డు మధ్యలోనే ఆగి, "రేపు బడి" అన్నాను. అది నా నోటి వంక చూస్తూ నిలబడింది. నేనూ నిలబడ్డాను. వెనకనుంచి సైకిలాయన గంట కొట్టి, దారికడ్డంగా ఏమిటిదని బెంగాలీలో కసురుకున్నాడు. పక్కకు జరిగాను, నోరు మాత్రం విప్పలేదు. సైకిలు మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాం.

"కంచం" అంది.

"కొంటాను" అన్నాను, అంతటితో ఆపడానికి నా ప్రాణం పోయింది.